విశాఖలో మిగిలిన బాకీ

విశాఖపట్నం వెళ్ళేవారు సాధారణంగా సముద్రం చూడడానికి వెళ్తారు. మేము దంపతులమూ మా అబ్బాయీ ఈ జనవరిలో వెళ్ళినది ఒక బాకీ తీర్చడానికి.

2014 అక్టోబరులో ఒక పెండ్లికని మొదటిసారి ఆ ఊరు వెళ్ళాము. 12వ తేదీ ఆదివారం హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది. వన్ టౌన్‌లోని చిన్న లాడ్జిలో తలుపులు బిగించుకొని కూర్చున్నాము. గాలి తగ్గాక చూస్తే వీధుల్లో చెట్లు కూలి ఉన్నాయి. కరెంటు లేదు, రైళ్ళు లేవు, ఏటీఎంలు పనిచేయడం లేదు. పాల ప్యాకెట్టుకు, మంచినీళ్ళ సీసాకు నోటికి వచ్చిన ధర చెప్పినవారున్నారు.

కురుపాం మార్కెట్టు దగ్గర ఒక సందులో కట్టెల పొయ్యి మీద అన్నం వండుతున్న మెస్సు కనబడింది. అన్నం, పప్పుచారు, ఊరగాయ. మనిషికి 50 రూపాయలు. రేటు పెంచలేదేమని అడిగితే, గరిటె పట్టుకొన్న పెద్దావిడ, “గాలొచ్చిందని అన్నం రేటు పెంచేత్తామేటి బాబూ!” అన్నది. రెండు రోజులు, నాలుగు పూటలు, ముగ్గురమూ అక్కడే తిన్నాము. లెక్క 600 రూపాయలైంది. మా చేతిలో ఉన్నది దారి ఖర్చుకే చాలుతుంది. “ఊరు చేరగానే పంపిస్తామమ్మా” అని చెప్పి బస్సెక్కాము. పంపలేదు. మొదట మరచిపోయాము, జ్ఞాపకం వచ్చాక ఆలస్యమైందని సిగ్గుపడ్డాము. ఆ విధంగా పదేళ్ళు దాటిపోయాయి.

ఈసారి డాబా గార్డెన్స్‌లో గది తీసుకొన్నాము. బీచి రోడ్డులోని పెద్ద హోటళ్ళలో కిటికీకి ఎదురుగా సముద్రం కనబడుతుంది గాని, ఆ చూపుకు వేరే అద్దె ఉంటుంది. మధ్యతరగతి కుటుంబానికి డాబా గార్డెన్స్, జగదాంబ జంక్షన్ ప్రాంతాలు అనుకూలం. రైలు స్టేషను, బస్సు కాంప్లెక్సు దూరం కావు. టిఫిను హోటళ్ళు అడుగడుగునా ఉన్నాయి.

నిజం చెప్పాలంటే, మెస్సుకు వెళ్ళే ధైర్యం చాలక మూడు రోజులు ఊరంతా తిరిగాము. తెల్లవారుజామున చేపల రేవుకు వెళ్ళాము. మర పడవల నుండి వంజరం, చందువలు, రొయ్యలు గంపలతో దిగుతుంటే పాట పెట్టి అమ్ముతున్నారు. అక్కడ బేరమాడే ఆడవారి నోటి ముందు ఏ వకీలూ నిలువలేడు.

తరువాత రాస్ కొండ ఎక్కాము. పాత ఊరి అంచున మూడు కొండలు ప్రక్కప్రక్కనే ఉన్నాయి. ఒకదాని మీద మరియమాత చర్చి, ఒకదాని మీద దర్గా, మరొకదాని మీద వేంకటేశ్వరస్వామి ఆలయం. క్రింద 1933లో ప్రారంభమైన ఓడరేవు, ఎదుట డాల్ఫిన్ నోస్ కొండ. ఆ కొండ ప్రక్కనున్న కాలువ గుండా ఓడలు మెల్లగా లోపలికి వస్తాయి. 1805లో లండను మిషనరీ సంఘం వారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఈ పట్నం చేరి, తెలుగు నేర్చుకొని, సువార్తల అనువాదం ఆరంభించారు. ఒకరు 1809లో, మరొకరు 1810లో మరణించారు. అచ్చయిన పుస్తకం 1812లో వచ్చింది. ఇద్దరిలో ఎవరూ చూడలేదు. పని వాయిదా వేసేవారికి ఆ తేదీలు బాగా గుచ్చుకొంటాయి.

సాయంకాలం రామకృష్ణా బీచికి వెళ్ళాము. ఇసుకలో నిలిపిన కురుసుర జలాంతర్గామి 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్నది. తలవంచి, భుజాలు ముడుచుకొని లోపల నడవాలి. నావికుల పడకలు చూచాక మా లాడ్జి మంచాన్ని గురించి మరి సణగలేదు. బయట ముంత మసాలా తిన్నాము. పిల్లలతో వెళ్ళేవారికి ఒక మాట: అక్కడ అల వెనుకకు బలంగా లాగుతుంది. పాదాలు తడుపుకొని తృప్తిపడండి, లోపలికి దిగవద్దు.

చివరి రోజు మధ్యాహ్నం మా అబ్బాయే, “ఇంక వెళ్దాం పదండి” అన్నాడు. అప్పుడు పదేళ్ళవాడు, ఇప్పుడు మాకంటె పొడగరి. సందు ఇరుకు అలాగే ఉన్నది. మెస్సులో గ్యాసు పొయ్యి వచ్చింది, కోడలు వడ్డిస్తున్నది. పెద్దావిడ డబ్బాల ప్రక్కన కుర్చీలో కూర్చొని చిల్లర లెక్కపెడుతున్నది. చేపల పులుసుతో భోజనం చేసి, సొమ్ము చెల్లించి, ఆ తరువాత సంగతి చెప్పాము.

ఆమె మమ్మల్ని గుర్తుపట్టలేదు. “ఆ గాలివాన రోజుల్లో ఎంతమంది తిన్నారో! ఎవరని గుర్తెట్టుకుంటాను అయ్యగారూ?” అన్నది. 1000 రూపాయలు చేతిలో పెట్టాము. ఎంత తిన్నారని అడిగింది. పన్నెండు భోజనాలన్నాము. వేళ్ళ మీద లెక్కకట్టి 400 తిరిగి ఇచ్చింది. ఆలస్యమైనందుకు ఉంచుకొమ్మని ఎంత బ్రతిమాలినా వినలేదు. “అప్పుడు పెంచనిది ఇప్పుడు పెంచుతానేటి?” అన్నది.

సందు దాటేవరకు మేము ముగ్గురమూ మాట్లాడుకోలేదు.

మీరు విశాఖ వెళ్తే బీచి చూడండి, కొండ ఎక్కండి, చేపల పులుసు తినండి. అయితే బయలుదేరే ముందు, ఆ ఊరిలో గాని మరే ఊరిలో గాని మీకు అన్నం పెట్టినవారి బాకీ ఏదైనా మిగిలి ఉన్నదేమో జ్ఞాపకం చేసికొనండి. మావలె పదేళ్ళు ఆగవద్దు. మేము వెళ్ళేసరికి ఆమె ఉండడం మా అదృష్టమే గాని, మా మంచితనం కాదు.