ఏం చదువుతున్నవ్ చెల్లే?

ఎవరింటికైనా వెళ్ళగానే మనం అడిగే మొదటి మాట ఏమిటో ఎప్పుడైనా గమనించారా? "ఏం కూర వండారు?" అనే! బీరకాయ అయితేనేం, వంకాయ అయితేనేం, ఆ జవాబుతో మనకి ఒరిగేదేమీ లేదు. అయినా అడుగుతాం. అదొక పలకరింపు. అంతకంటే మంచి పలకరింపు ఇంకొకటి వుందని నాకు నేర్పినావిడ ఒకరున్నారు. పైన పెట్టిన మాట ఆవిడదే.

1978లో మావారికి కారేపల్లి బదిలీ అయింది. ఆయన రైల్వేలో గుమాస్తా. "ఎక్కడుంది బాబూ ఆ వూరు?" అని మా అమ్మ అడిగితే, "డోర్నకల్లో బండి మారాలండీ. ఆ పైన వస్తుంది" అన్నారు. "ఆ తరవాత?" "ఆ తరవాత అడవే" అని నవ్వారు. మా అమ్మ మాత్రం నవ్వలేదు.

తీరా వెళ్ళి చూస్తే మరీ అంత అడవేమీ కాదు. వూరి చుట్టూ మిరపచేలూ, జొన్నచేలూ. తూర్పుకి పోయినకొద్దీ భద్రాచలం దాకా టేకూ, తునికీ, మోదుగా. ఎల్లందు నించి బొగ్గు లైను వచ్చి కలిసే జంక్షను గనక పగలూ రాత్రీ వేగన్ల చప్పుడు. ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి. అక్కడి పేర్లు కూడా తమాషాయే. భద్రాచలం రోడ్డు అని బోర్డున్న స్టేషన్లో దిగితే అది కొత్తగూడెం! రాములవారిని చూడాలంటే ఇంకా బస్సెక్కి గోదావరి దాటాలి. లోకమంతా సింగరేణి బొగ్గు అంటుందా, ఆ పేరుగల పల్లె మా కారేపల్లి పక్కనే వుంది. 1871లో కింగ్ అనే దొర బొగ్గు కనిపెట్టింది మాత్రం ఎల్లందు దగ్గర. పేరొకచోట, వూరొకచోట.

నాకున్న బెంగల్లా పుస్తకాల గురించే. మాది తెనాలి వైపు. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు ప్రాంతంలో కృష్ణ కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టి వూళ్ళకి పంపేవారు. దాన్ని బోటు లైబ్రరీ అనేవారు. మా అమ్మమ్మ ఆ పడవ పుస్తకాలు చదివిన మనిషి. అలాంటి ఇంట్లో పుట్టి ఈ అడవి అంచున ఏం చదవను అనుకున్నాను.

కారేపల్లికి పడవ లేకపోతేనేం, రైలుంది! బెజవాడ నించి వారపత్రికలు ఆ బండిలోనే వచ్చేవి. ఏడిళ్ళవాళ్ళం కలిసి ఒక్క కాపీ కొనేవాళ్ళం. ఏడిళ్ళు, ఏడు రోజులు. మొదటి ఇంటికి పెళ్ళికూతురిలా వెళ్ళిన పత్రిక, ఏడో ఇంటికి చేరేసరికి నూనె మరకలతో, పప్పు చారలతో, కథానాయికకి ఎవరి పిల్లాడో పెన్సిలుతో పెట్టిన మీసాలతో వచ్చేది. ఆ పైన సీరియల్ కాగితాలు చించి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేస్తే నవల తయారు. మధ్యలో ఏ వారమైనా పోయిందా, ఆ వారం ఏం జరిగిందో తలొక కథ చెప్పేవాళ్ళం. కొన్నిసార్లు అసలు దానికంటే అదే బాగుండేది.

మా ఇల్లుగలావిడ నాకంటే పదేళ్ళు పెద్ద. నేను "అక్కా" అనేదాన్ని, ఆవిడ "చెల్లే" అనేది. పొద్దంతా చేను పని, గొడ్ల పని. సాయంత్రం కాళ్ళు కడుక్కుని మా గడప దగ్గర కూచుని అడిగేది: "ఏం చదువుతున్నవ్ చెల్లే?"

చెప్పేదాన్ని. పుస్తకం తీసుకుపోయేది. నాలుగు రోజుల్లో తెచ్చిచ్చేది, తీర్పుతో సహా. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' ఇస్తే, "జయంతికి పొగరని అందరంటున్నరు. నెల జీతం తెచ్చుకునే పిల్లకు గామాత్రం ఉండొద్దా?" అంది. ఇంకాసేపాగి, "రాజశేఖరం అసుంటోడు మన టేషన్ల ఎన్నడన్న దిగిండా?" అంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

ఏ పుస్తకం ఎవరు చదవాలో ఆవిడే చెప్పేది. ఒకసారి నేను తెలివితక్కువగా ఒక కొత్తకోడలికి గయ్యాళి అత్త నవల ఇచ్చాను. వాళ్ళత్తగారు అది చూసి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంకోసారి నిండు చూలాలికి పురిట్లో తల్లిపోయే కథ ఇవ్వబోతే అక్క చేతిలోంచి లాగేసుకుంది. "మందు మంచిదే చెల్లే. జరమేందో చూడొద్దా?" ఆ రోజుల్లో స్వాతి మాసపత్రికలో మాలతీ చందూర్‌గారు 'పాత కెరటాలు' అనే శీర్షికతో ప్రపంచ నవలల్ని మనకి పరిచయం చేసేవారు, మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. మా వీధికి మాలతీ చందూర్ మా అక్కే.

ఒక రాత్రి కరెంటు పోయింది. అగ్గిపెట్టె కోసం వెనక వాకిట్లోకి వెళ్ళాను. లాంతరు ముందు అక్క కూతురు, అయిదో తరగతి పిల్ల, నేనిచ్చిన నవల కూడబలుక్కుంటూ పైకి చదువుతోంది. అక్క మిరపకాయల తొడిమలు తీస్తూ, "ఆగు. ఆ మాట మళ్ళ చదువు" అంటోంది.

నన్ను చూసి అక్క చేతులు ఆగిపోయాయి. "నాకు అక్షరం రాదు చెల్లే. నవ్వుతవా?" అంది.

నవ్వు రాలేదు. బి.ఏ. చదివిన నేను పుస్తకం మూసి "బాగుంది" అనడం తప్ప ఏనాడూ ఇంకో మాట అనలేదని గుర్తొచ్చింది.

ఆ మధ్యనే 'చిల్లర దేవుళ్లు' ఇచ్చాను. రాసిన దాశరథి రంగాచార్యగారిది చిన్నగూడూరు, మానుకోట వైపు. అంటే ఇంచుమించు మా పక్క మనిషే. నిజాం కాలపు పల్లె, దొర గడీ, అందులో ఆడబాప బతుకు. మూడో రాత్రి అక్క కూతుర్ని ఆపి, ఆ పుస్తకం పట్టుకుని మా గడపలోకి వచ్చింది. "గిది మా అమ్మ మాట! మా అమ్మ మాట్లాడే మాట బుక్కుల రాసిండ్రా?" అంది. అప్పటిదాకా పుస్తకాల్లో వుండే మాట మా తెనాలి మాటేననీ, అదే తెలుగనీ నాకో ధీమా. ఆవిడ అన్నేళ్ళూ నా భాషలో కథలు విందని నాకు తట్టనేలేదు. "నువ్వు చదివినవా ఇది?" అనడిగింది. చదివానన్నాను. "మళ్ళొకసారి చదువు" అని నా చేతిలో పెట్టింది. చదివాను. మొదటిసారి నేను చదివింది కథ మాత్రమేనని తెలిసింది.

ఇక నాకు వుత్సాహం ఆగలేదు. పలకా బలపం కొని, "అక్కా, నేను నేర్పుతాను" అన్నాను. రేపంది. మిరప కోతలంది. బర్రె ఈనిందంది. ఏడాది గడిచింది. బద్ధకం కాబోలు అనుకున్నాను. పైకనలేదు గానీ మావారితో అన్నాను కూడా.

ఆ పిల్ల ఏడో తరగతి పాసయింది. మేనత్త కొడుకుతో సంబంధం వచ్చింది. చదువు చాలు, చేసేద్దామన్నాడు అక్క భర్త. మధ్యగోడ పల్చన కదా, అక్క మాట నాకు వినబడింది. "చెయ్యి, వద్దన్ననా? గానీ సీరియలు సగంల ఉంది. పిల్ల పోతే నాకెవరు చదువుతరు? అది అయిపోనీ." ఆయన నవ్వి, సరేనన్నాడు. నాలుగు వారాల్లో అయిపోతుందనుకున్నాడు పాపం. మన సీరియల్స్ సంగతి ఆయనకేం తెలుసు! అది అయ్యేలోపు ఇంకొకటి మొదలు. అది సగంలో వుండగా మరొకటి. సంబంధం వాళ్ళు విసిగి వేరే పిల్లని చేసుకున్నారు. కథని సాగదీస్తున్నారని మనం రచయిత్రుల్ని తిట్టుకుంటాం గానీ, ఆ సాగదీతలోనే ఒక పిల్ల 1983లో పదో తరగతి గట్టెక్కింది.

ఆ మాట విన్న మర్నాడే అక్క నా పలక నాకు తిరిగిచ్చింది. "నీ కాడనే ఉండనీ చెల్లే. నాకు అక్షరాలొస్తే, ఇంక పిల్లతోటి పనేముంది, పంపుదామంటడు."

బద్ధకం అనుకున్నాను చూశారూ! ఎదుటి మనిషిని చదవడం రాని బి.ఏ. నాది.

1984లో మాకు మళ్ళీ బదిలీ. ఆ పైన ఇంకో వూరు, పిల్లల చదువులు, అత్తగారి జబ్బు. మూడేళ్ళకి ఒక కార్డు వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు, వంకరగా, గీత దిగిపోతూ. క్షేమ సమాచారాలేమీ లేవు. ఒకే ఒక్క వరస: "ఏం చదువుతున్నవ్ చెల్లే?"

అది కూతురి రాత కాదు. ఆ పిల్ల అప్పటికి టీచరు ట్రైనింగులో వుంది. ఇక నేర్చుకుంటే నష్టం లేదని ఆవిడ మొదలుపెట్టింది!

కార్డు పట్టుకుని చాలాసేపు కూచున్నాను. సంతోషం ఒకవైపు, సిగ్గు ఒకవైపు. జవాబేం రాయను? ఆ మూడేళ్ళలో నేను చదివినవి పాల లెక్కలూ, పిల్లల మార్కుల కాగితాలూ. ఆ సాయంత్రమే వూళ్ళో గ్రంథాలయానికి వెళ్ళి సభ్యురాలినయ్యాను. 1960లో చేసిన చట్టం ప్రకారం ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయాల కోసం కూడా పన్ను వసూలు చేస్తారని, ఇప్పుడది రూపాయికి 8 పైసలని, ఆ తరవాతెప్పుడో తెలిసింది. మన డబ్బుతో కొన్న పుస్తకాలు మన కోసమే బీరువాల్లో కూచుని వుంటే మనం వెళ్ళమన్నమాట!

ఇప్పుడు రోజుకో పుస్తకం అట్ట బొమ్మ నా ఫోనులోకి వస్తుంది, "తప్పక చదవండి" అంటూ. పంపినవారు అదే బొమ్మ రెండువందల మందికి పంపి వుంటారు. తప్పనను. కానీ జ్వరమేదో చూడకుండా వూరంతటికీ ఒకే మాత్ర పంచినట్టు వుంటుంది నాకు.

అక్కకి ఎనభై దాటాయి. సెలవుల్లో కూతురు వెళ్ళి పుస్తకం చదివి వినిపిస్తుందట. "నీకు చదవడం వచ్చుగా అక్కా?" అన్నాను మొన్న ఫోనులో. "వస్తది. దాని నోట వింటే బాగుంటది" అంది. వెంటనే అలవాటు ప్రశ్న. ఈసారి నా దగ్గర జవాబు వుంది.

మీ ఇంట్లో ఇవాళ ఏం కూరో నేనడగను లెండి. ఏం చదువుతున్నారు?