రెండూ ఉన్నవాళ్ళు, ఏదీ లేనివాళ్ళు

క్యాంపస్ ఇంటర్వ్యూలకి ప్రిపేరైన ప్రతివాళ్ళకీ ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. వందమందిలో 70 మంది కాఫీ తాగుతారు, 60 మంది టీ తాగుతారు, 10 మంది ఏదీ తాగరు. రెండూ తాగేవాళ్ళెంతమంది? 70, 60 కలిపితే 130. ఏదో ఒకటి తాగేవాళ్ళు 90 మందే. ఎక్కువొచ్చిన 40 మందిని రెండుసార్లు లెక్కపెట్టామన్నమాట. ఫార్ములా బట్టీ పట్టినవాడు పది సెకన్లలో టిక్కు పెట్టేస్తాడు.

నాకైతే ఇందులో చిక్కు లెక్కలో కాదు, మాటలో ఉందనిపిస్తుంది. "ఆయన కాఫీ తాగుతారు" అంటే మన చెవికి "టీ తాగరు" అని కూడా వినిపిస్తుంది. లెక్కలో అలా కాదు. "మాత్రమే" అని లేకపోతే రెండూ తాగేవాడు ఆ 70లోనూ ఉంటాడు, ఈ 60లోనూ ఉంటాడు. రెండు టేబుళ్ళ కౌంట్లు కూడేసి "మొత్తం కస్టమర్లు" అని రిపోర్టు పంపేవాళ్ళని మీరూ చూసే ఉంటారు :)

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్లో పార్కింగ్ సర్వే చేశారు. మొత్తం 120 ఫ్లాట్లు. ఫారంలో రెండే గళ్ళు: బైకు ఉందా, కారు ఉందా. బైకున్న ఇళ్ళు 72, కారున్న ఇళ్ళు 48 అని తేలింది. కలిపితే సరిగ్గా 120! సెక్రటరీగారు సంబరపడిపోయి "ఇంటికో బండి, ఇంటికో స్లాటు, అందరికీ ఒకటే పార్కింగ్ ఛార్జీ" అని తీర్మానం రాసేశారు. కూడిక అంత చక్కగా కుదిరాక ఇంకెవరికి అనుమానం వస్తుంది చెప్పండి?

నిజానికి అక్కడే అనుమానం రావాలి. కూడిక మొత్తం ఇళ్ళతో సమానమైతే, రెండూ ఉన్న ఇళ్ళెన్నో ఏదీ లేని ఇళ్ళూ అన్నే ఉంటాయి. అది సున్నా కావచ్చు, 48 దాకా ఎంతైనా కావచ్చు. ఆ రెండు అంకెలు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా తేలదు. ఆలిస్ కథ రాసిన లూయీ కరోల్ 1885లో పుస్తకంగా వేసిన 'ఎ టాంగిల్డ్ టేల్'లో ఇలాంటి లెక్కే ఒకటి ఇచ్చాడు. సైనికుల్లో 70 శాతానికి కన్ను, 75 శాతానికి చెవి, 80 శాతానికి చెయ్యి, 85 శాతానికి కాలు పోతే, నాలుగూ పోయినవాళ్ళు కనీసం ఎంత శాతం? జవాబు 10. ఆ "కనీసం" తీసేస్తే జవాబే లేదు.

అందుకే ఫారాలు మళ్ళీ తిరగేశాం. రెండు గళ్ళలోనూ టిక్కున్నవి 18. రెండూ ఖాళీగా ఉన్నవీ 18. ఖాళీవాటిని "నింపలేదు" అని పక్కన పడేశారట! తలుపు తట్టి అడిగితే, ఎక్కువమంది రిటైరైన పెద్దవాళ్ళే. "మాకు బండెక్కడిది నాయనా, ఆసుపత్రికైనా ఆటోలోనే" అన్నారు రెండో అంతస్తు మామ్మగారు. లేని బండికి ఆవిడ నెలనెలా ఛార్జీ కట్టాలి, రెండున్న ఇంటాయన కూడా అంతే కట్టాలి.

తీర్మానం ఆగింది. ఫారంలో "ఏదీ లేదు" అని మూడో గడి చేర్చారు. రెండో స్లాటుకి విడిగా డబ్బులంటే మాత్రం ఆ 18 ఇళ్ళవాళ్ళు ఒప్పుకోవట్లేదు. ఆదివారం మీటింగ్ ఉంది, చూడాలి.