లేని ఊళ్లకి పటం

ఊహాలోకాలకి పటాలు గీయడం మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ మొదటిరోజే ఒక ఖండం మొత్తం గీసేస్తారు. తీరం, కొండల బారు, నాలుగు నదులు, ఒక అడవి, మధ్యలో రాజధాని, మూలన దిక్సూచి. సాయంత్రానికి అయిపోతుంది. ఆ ఊపు మంచిదే, అది లేకపోతే ఎవరూ పెన్సిలు పట్టరు. మర్నాడు చూసుకుంటే మాత్రం ఎక్కడో ఏదో కుదరలేదనిపిస్తుంది. వెంటనే ఇంకో తెల్లకాగితం, ఇంకో ఖండం. నేను ఆగమనేది అక్కడే. కొత్త ఖండం జోలికి పోకుండా, పాతదాన్లోనే అరచేయి పట్టేంత మూల ఒకటి ఎంచుకుని, దాన్నే మళ్లీ గీయమంటాను. నచ్చేదాకా గీయమంటాను.

గీసిందే మళ్లీ గీయడంలోని కష్టం రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కి బాగా తెలుసు. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో, బయట వాన వదలని సెలవుల్లో, బడికెళ్లే వయసున్న సవతి కొడుకుతో కలిసి బొమ్మలేస్తూ ఆయనొక దీవి పటం గీసి రంగులద్దాడు. దాన్ని చూస్తూ కూర్చుంటే కథ పుట్టింది. మనకి కాంచనద్వీపంగా తెలిసిన ‘ట్రెజర్ ఐలాండ్’ అదే. 1883లో పుస్తకంగా వచ్చేముందు ఆ పటాన్ని ప్రచురణకర్తలకి పంపితే, వాళ్లకి అందనే లేదు. ఇక చేసేదేముంది, రాసిన నవలంతా గాలించి, ఏది ఎక్కడుందన్నాడో, ఎంత దూరమన్నాడో ఏరుకుని, కంపాస్ పట్టుకుని, దానికి సరిపడేలా తండ్రి ఆఫీసులో మళ్లీ గీశాడు. దీపస్తంభాలు కట్టే ఇంజనీరైన ఆ తండ్రి కూడా ఓ చెయ్యి వేసి, కథలోని సముద్రపు దొంగ కెప్టెన్ ఫ్లింట్ సంతకం తనే పెట్టాడు. రెండో పటం తన మనసుకి ఎప్పటికీ అసలు దీవి కాలేకపోయిందని స్టీవెన్సన్ తర్వాత రాసుకున్నాడు. నాకు మాత్రం ఆ రెండోదాని మీదే గౌరవం ఎక్కువ. ప్రతి గీతా నవల్లో ఒక మాటకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చిన పటం అది.

సాధనంటే నా లెక్కలో చాలా చిన్న పనులు. ఒక పేజీ నిండా కొండలే గీయడం. ఇంకుతో గీసేటప్పుడు ముందు వరసవి, అంటే కాగితం మీద కిందికి ఉండేవి, మొదట గీయాలి. వెనకవాటి గీతలు వీటికి తగిలినచోట ఆగిపోతాయి. అప్పుడే ఒకదాని వెనక ఒకటి నిలబడ్డట్టు కనిపిస్తాయి. వెలుగు ఎడమవైపు పైనుంచి పడుతోందని ముందే ఖాయం చేసుకుని, కుడి వాలుకే నీడగీతలు వేయాలి. అవీ నిట్టనిలువుగా కాకుండా వాలు వెంట జారాలి. మొదటి పేజీలన్నీ రంపప్పళ్లలా వస్తాయి. రానివ్వాలి. ఒకేలా గీసీ గీసీ చేతికి విసుగు పుట్టాక, ఒక శిఖరం పక్కకి ఒరుగుతుంది, ఒక కొండ పొట్టిదవుతుంది, రెంటి మధ్యా కనుమ తెరుచుకుంటుంది. కనుమ కనిపించిందంటే దారి ఎక్కడ వేయాలో తెలిసిపోయినట్టే.

తీరానికి ఒక చిట్కా ఉంది. గుప్పెడు బియ్యం కాగితం మీద పోసి, అరచేత్తో మెల్లగా పరిచి, అంచు వెంట పెన్సిలు నడపాలి. విడిపడ్డ గింజలు దీవులవుతాయి. మన చేతికి ఒకే తీరు వంకర్లు అలవాటు, నేల అలా ఉండదు. బాపట్ల వైపు ఇసక తీరం చాలాదూరం నిదానంగా సాగుతుంది. విశాఖ దగ్గర కొండలు సముద్రం దాకా వచ్చేస్తాయి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ అనే ఇసక మేట అఖాతానికి అడ్డంగా పెరిగింది. అట్లాసు ముందు పెట్టుకుని ఈ మూడుచోట్లా తీరాన్ని చూసి గీస్తే బియ్యం అవసరం కూడా తగ్గుతుంది.

తెలుగులో పేర్లు రాసేవాళ్లకి ఇంకొంచెం ఓపిక కావాలి. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ఇంగ్లీషు పటాలు చూసి వదిలిన జాగా చాలదు. పేర్లకి చోటు గుర్తుపెట్టుకున్నాకే చెట్లు నింపాలి.

ఇక నలుగురికీ చూపించడం. “బాగుంది” అంటే సంతోషమే గానీ, ఆ మాటకి పటంలో ఒక్క గీత కదలదు. అందుకని ఎలా ఉందని అడగడం మానేసి, ప్రయాణం చేయమంటాను. ఈ రేవు నుంచి ఆ కోటకి వేలు పెట్టి దారి చూపించమంటాను. వేలు ఎక్కడ తటపటాయిస్తే అక్కడ పని మిగిలినట్టు.

మా అక్క కూతురు తన పటాన్ని మా అమ్మకి చూపించింది. అమ్మ ఊహాలోకాల కథలు చదవలేదు. ఆవిడ పుట్టిల్లు కొల్లేటి పక్కన.

“ఈ నీళ్లేంటే, నాలుగు పక్కలకీ పోతున్నాయి?”

“సరస్సు అమ్మమ్మా. దాన్లోంచి నాలుగు నదులు పుడతాయి.”

“అట్టా ఎట్టా పోతాయే? మా కొల్లేట్లోకి బుడమేరొస్తది, తమ్మిలేరొస్తది. సముద్రంలోకి పొయ్యేది మాత్రం ఉప్పుటేరే. నీళ్లు ఎటు పల్లముంటే అటే గదా!”

భూగోళం పుస్తకం చెప్పేదీ ఇదే. నదులు కలుస్తూ పోతాయి, మామూలుగా చీలేది సముద్రం దగ్గరపడ్డాకే. గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమిగా, వశిష్ఠగా విడిపోయినట్టు. అదే గోదావరి అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలోనే పుట్టి కూడా, పడమటి కనుమలు అడ్డం కాబట్టి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ పిల్ల మూడు నదులు చెరిపేసింది. చెరిపితే వాటిల్లో ఒకదాని ఒడ్డున ఉన్న పట్నానికి నీళ్లు పోయాయి. పట్నాన్ని జరిపితే రహదారి మారింది, రహదారి మారితే కోట ఎవరికీ అడ్డం కాకుండా పోయింది. కాబట్టి కోటని కనుమ దగ్గరికి తెచ్చింది. ఆ రోజునుంచి అక్కడ యుద్ధం జరగడానికి ఒక కారణం ఏర్పడింది.

పటాన్ని కదిలించే మాటకి ఇంకో ఉదాహరణ. టోల్కిన్ నవల ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో పటాలు గీసింది ఆయన కొడుకు క్రిస్టఫర్. 1969లో పాలిన్ బేన్స్ అనే చిత్రకారిణి ఆ లోకానికి పోస్టరు పటం గీయడానికి పూనుకుని, తన పుస్తకంలోని పటాన్ని విడిగా తీసి పెట్టుకుంటే, టోల్కిన్ దానిమీద ఆకుపచ్చ ఇంకుతోనూ పెన్సిలుతోనూ తన సూచనలు రాశారు. హాబిటన్ అనే ఊరు ఆక్స్‌ఫర్డ్ అక్షాంశం మీద ఉంటుందని, దక్షిణాన హరాద్ అనే దేశంలో ఖాళీగా ఉన్న గళ్లలో ఏనుగులూ ఒంటెలూ నప్పుతాయని. పోస్టరు 1970లో వచ్చింది. ఆ రాతల కాగితం 2015లో బయటపడి, మరుసటేడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీకి చేరింది. నాకు నచ్చేది ఆ సూచనల తీరు. అక్షాంశం తెలిస్తే ఎండ తెలుస్తుంది, ఎండ తెలిస్తే ఏ చెట్టు వేయాలో తెలుస్తుంది.

ఇలాంటి మాటలు మనదాకా రావాలంటే పెన్సిలు గీతలప్పుడే చూపించాలి. ఇంకు ఆరిన పటం మీద ఉన్నమాట చెప్పడానికి ఎవరికైనా మొహమాటమే. అమ్మకి ఆ మొహమాటం లేదనుకోండి. సరిచేసిన సరస్సు తీసుకెళితే ఈసారి, “మరి వీళ్లకి ఉప్పెక్కడిదే?” అంది. పిల్ల ఇప్పుడు తూర్పు తీరంలో ఉప్పు మడులకి చోటు వెతుకుతోంది. అక్కణ్ణుంచి పట్నానికి ఎడ్లబళ్లు పోవాలంటే కనుమ దగ్గర దారి ఇంకా వెడల్పు చేయాలట.