గంట మోగక ముందు

ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ రోజులలో హైదరాబాదులోని అగ్నిమాపక కేంద్రాలకు బడిపిల్లలు వరుసలు కట్టి వస్తారు. ఎర్రని శకటాలను కడిగి, తుడిచి, ఆవరణలో నిలబెడతారు. శిరస్త్రాణం ధరించిన యువకుడొకడు గొట్టం చేతబట్టి ఆకాశంలోకి నీరు చిమ్మితే ఆ తుంపరలలో క్షణకాలం ఇంద్రధనుస్సు మెరుస్తుంది. పిల్లలు కేరింతలు కొడతారు. నిచ్చెన ఎక్కినవాడికి చప్పట్లు మోగుతాయి. శకటం వెనుక పంపు దగ్గర నిలబడి, గేజిలోని ముల్లునుండి చూపు మరల్చని నడివయస్సు మనిషిని మాత్రం ఎవరూ గమనించరు. ఆ నీటిధారను అంత ఎత్తుకు పంపుతున్నది అతడే.

నగరంలో నిజంగా నిప్పు అంటుకున్నప్పుడు కూడా ఇంతే. పత్రికలవారి కెమెరా పొగలోకి దూరేవాడి మీదనే నిలుస్తుంది. అది న్యాయమే, ప్రాణాలకు తెగించేవాడు అతడే కదా! కాని అతడు లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి రావాలంటే, ఆ ఉదయమో అంతకు వారం ముందో, ఎవరూ చూడని చోట ఎవరో ఒకరు తమ పనిని సక్రమంగా చేసి ఉండాలి.

మంటను గురించిన తొలి వార్త చేరేది మంట కనబడని ఒక గదికి. 101 అంకెను నొక్కితే ఆ కంట్రోలు రూములో ఫోను మోగుతుంది. నేడు 112 ద్వారా కూడా ఆ సమాచారం అందుతుంది. ఫోను ఎత్తినవానికి వినబడేది చాలాసార్లు మాట కాదు, ఆక్రందన. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన కేక. దాని వెనుక మరి పదిమంది కేకలు. "మంటలు! తొందరగా రండి!" అని చెప్పి ఎక్కడికి రావాలో చెప్పకుండానే ఫోను పెట్టేసేవారూ ఉంటారు. కాళ్ళ కింద నేల కదిలిపోతున్నవారిని తప్పుపట్టడానికి లేదు. "అమ్మా, కొంచెం స్థిమితంగా చెప్పండి. మీ పక్కన ఏముంది? గుడా? మసీదా? హోటలా?" అని ఇవతలి గొంతు అడుగుతుంది. ఆ గొంతులో తొందర ఉండకూడదు. చేతిలో మాత్రం ఉండాలి. ఒకరు మాట్లాడుతూ ఉండగానే మరొకరు సమీప కేంద్రానికి కబురు పంపుతారు. చిరునామా పూర్తిగా దొరికే వరకు శకటం ఆగదు. దారిలో ఉండగా మిగిలిన వివరాలు వైర్‌లెస్ సెట్టులో అందుతాయి.

హైదరాబాదు పాతబస్తీలో చిరునామా చెప్పడం ఒక విద్య, దానిని అర్థం చేసుకోవడం మరొక విద్య. ఇంటి నంబరులో మొదటి అంకె వార్డును, తరువాతిది బ్లాకును, ఆపైది ఇంటిని సూచిస్తాయి. అన్నదమ్ములు పంచుకున్నకొద్దీ, వాటాలు అమ్ముకున్నకొద్దీ గీత పక్కన గీత, బై పక్కన బై వచ్చి చేరాయి. పక్కపక్క ఇళ్ళకు పక్కపక్క నంబర్లే ఉంటాయన్న నమ్మకం లేదు. అందువల్ల కంట్రోలు రూములో అనుభవం గడించినవాడు అంకెలను నమ్ముకోడు. ఇరానీ హోటలు ఎదురు గల్లీ, దర్గా వెనుక సందు, పాత టాకీసు మలుపు - ఈ గుర్తులే అతని పటం. ఆ టాకీసు కూలగొట్టి ఎన్ని ఏళ్ళయినా ఆ మలుపు పేరు మారదు. కొత్తగా వచ్చినవారికి ఈ సంగతి ఏ శిక్షణలోనూ చెప్పరు.

ఆకతాయి ఫోన్లు వేరొక బాధ. "నాన్నా, పులి!" కథలోని తండ్రి రెండుసార్లు మోసపోయి మూడవసారి రాలేదు. ఈ గదిలో కూర్చున్న తండ్రికి ఆ అవకాశం లేదు. నూరవసారి కూడా బండి పంపవలసిందే. అబద్ధపు కబురు మీద ఒక శకటం ఉప్పల్ వైపు వెళితే, అదే సమయంలో నిజంగా కాలుతున్న మరొక ఇంటికి దూరపు కేంద్రం నుండి బండి రావలసి వస్తుంది. సరదాకు ఫోను చేసిన కుర్రవాడికి ఆ రెండవ ఇంటి సంగతి ఎన్నటికీ తెలియదు.

ఇక పంపు దగ్గరి మనిషి. శాఖలో అతని ఉద్యోగం పేరు డ్రైవరు ఆపరేటరు. బండి నడపడం అతని పనిలో సగమే. 4,500 లీటర్లు పట్టే శకటం చూపరులకు కదిలే చెరువులాగే కనబడుతుంది. కాని నిమిషానికి 2,250 లీటర్లు తోడగల పంపును పూర్తి సామర్థ్యంతో తిప్పితే ఆ నీరు వచ్చేది సరిగ్గా రెండు నిమిషాలు. పొదుపుగా ఒక్క గొట్టంతో నిమిషానికి 450 లీటర్ల చొప్పున వాడినా పది నిమిషాలు. కనుక బయలుదేరిన క్షణం నుండే అతని మనస్సులో రెండవ ప్రశ్న తిరుగుతూ ఉంటుంది: ఈ నీరు అయిపోయాక నీరెక్కడ? ఏ అపార్టుమెంటు కింద సంపు నిండుగా ఉంటుంది, జలమండలి ట్యాంకర్లు నింపే చోటు ఎంత దూరం, ఏ ఫంక్షను హాలు వెనుక బావి ఇంకా పూడ్చలేదు, ఏ గల్లీలో కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి - ఇదంతా అతడు మామూలు రోజులలో ఊరు తిరిగి తెలుసుకున్నదే. భార్యతో కూరగాయల కొట్టుకు వెళ్ళినా సందు వెడల్పును కళ్ళతో కొలిచే అలవాటు ఈ ఉద్యోగులకు ఉంటుంది.

మంట దగ్గర అతడు లోపలికి వెళ్ళడు. వెళ్ళకూడదు. లోపల ఉన్నవారి చేతిలోని నీరు అతని చేతిలోని మీట మీద ఆధారపడి ఉంటుంది. ఒత్తిడి తగ్గితే మంట ముందుకు వస్తుంది. హఠాత్తుగా పెరిగితే గొట్టం పట్టుకున్నవాడు అదుపు తప్పి పడిపోతాడు. గంటల తరబడి ఇంజను వేడిలో, హోరులో నిలబడి, లోపలి కేకలు సగం వినబడుతూ, సగం వినబడకుండా, ముల్లు మీదనే దృష్టి నిలపడం సామాన్యమైన పని కాదు. పొగలోకి దూరడం కంటే అది తక్కువ ధైర్యమని ఎవరైనా అంటే వారు ఆ పంపు దగ్గర ఒక్క రాత్రి నిలబడలేదనుకోవాలి.

అగ్నిప్రమాదాలలో చాలామందిని బలిగొనేది మంట కాదు, పొగ. 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాదులోని స్వప్నలోక్ సముదాయంలో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక మరణించారు. 2025 మే 18 ఉదయం చార్మినారు సమీపంలో గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత భవనంలో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో పసిపిల్లలు కూడా ఉన్నారు. ఇటువంటి చోట్లకు వెళ్ళేవాడు తన గాలిని తన వీపు మీద మోసుకొని పోవాలి. ఆరు లీటర్ల సిలిండరులో 300 బార్ల ఒత్తిడితో కుక్కితే సుమారు 1,800 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 40 లీటర్ల లెక్కన అది 45 నిమిషాలు రావాలి. కాని మనిషిని భుజాన వేసుకొని చీకటి మెట్లు దిగేవాడు లెక్క ప్రకారం ఊపిరి పీల్చడు. అతనికి అది అరగంటైనా రాకపోవచ్చు.

ఆ గాలి ఎక్కడిది? కేంద్రంలో ఒక మూల కంప్రెసరు ఉంటుంది. అది బయటి గాలిని లాగి, వడకట్టి, తేమ తీసి సిలిండరులోకి ఎక్కిస్తుంది. లాగే గొట్టం మూతి దగ్గర ఏ లారీ ఇంజనో తిరుగుతూ ఉంటే ఆ విషవాయువు కూడా సిలిండరులోకి చేరుతుంది. వడపోత సామగ్రిని గడువులోపల మార్చకపోతే నూనె ఆవిరి చేరుతుంది. మాస్కు అంచున రబ్బరు పగిలితే పొగ చేరుతుంది. వీటిలో ఏ లోపమూ ఆవరణలో బయటపడదు. పొగ నిండిన మూడవ అంతస్తులో బయటపడుతుంది. నింపేవాడు ఆ గాలిని పీల్చడు. పీల్చేవాడు అది ఎవరు నింపారో చూడడు. ఈ ఇద్దరి నడుమ ఉన్నది ఒక చిన్న రిజిస్టరు, అందులో ఒక సంతకం.

శ్వాస పరికరంతో లోపలికి వెళ్ళేవారి వెనుక మరొక మనిషి పలక పట్టుకొని గుమ్మం బయట నిలబడాలి. ఎవరు వెళ్ళారు, ఎన్ని గంటలకు వెళ్ళారు, అప్పుడు సిలిండరులో ఒత్తిడి ఎంత అన్నది అతడు రాసుకుంటాడు. ఆ లెక్క ప్రకారం ఎవరు ఎప్పటికి తిరిగి రావాలో కూడా రాసుకుంటాడు. గాలి తగ్గినప్పుడు పరికరంలోని ఈల దానంతట అదే మోగుతుంది. కాని పొగలో దారి తప్పినవాడికి తన ఈల తనకు వినబడినా, అది బయటివారికి వినబడకపోవచ్చు. పలక మీది అంకె ఒక్కటే అప్పుడు మాట్లాడుతుంది. రావలసిన సమయానికి మనిషి రాలేదంటే పలక పట్టినవాడు కేక వేయాలి, మరొక జట్టును లోపలికి పంపించాలి. ఆ రెండు మూడు నిమిషాలలో అతని గుండె ఎట్లా కొట్టుకుంటుందో అతని ముఖంలో తెలియనివ్వడు. తెలియనిస్తే మిగిలినవారు చెదిరిపోతారు.

మంట ఆరిన తరువాత జనం వెళ్ళిపోతారు. అసలైన పని కేంద్రంలో అప్పుడు మొదలవుతుంది. బురద, బూడిద, కాలిన ప్లాస్టిక్కు అంటుకున్న గొట్టాలను పరచి కడగాలి. ఎత్తైన స్తంభానికి వేలాడదీసి ఆరబెట్టాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. బూజు పట్టిన దారం కంటికి కనబడకుండానే కుళ్ళుతుంది. ఆరిన తరువాత నీరు ఎక్కించి పరీక్షించి, చిల్లులు పడిన చోట గుర్తు పెట్టి అతుకు వేయాలి. కప్లింగులోని చిన్న రబ్బరు వాషరును వేలితో తడిమి చూడాలి. రూపాయల్లో దాని ఖరీదు చెప్పుకోదగినది కాదు. అది లేకపోతే మాత్రం నీరంతా దారిలోనే కారిపోతుంది. చివరకు చుట్టేటప్పుడు, మడిచేటప్పుడు కూడా నిన్నటి మడత మీద నేటి మడత రాకూడదు. పెట్టెలోని పట్టుచీరలను అమ్మమ్మలు అప్పుడప్పుడు తీసి, మడతలు మార్చి పెట్టడం లేదూ? కారణం అదే. ఒకే చోట మడత నిలిస్తే పోగు అక్కడే విరుగుతుంది.

మెకానిక్కుల సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. బండి కదిలినంతకాలం వారు గుర్తుకురారు. ఏడాదికి ఒకసారి దసరానాడు మాత్రం వారిదే రాజ్యం. శకటాలకు పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి గుమ్మడికాయ కొడతారు. హారతి పట్టే వేళకు గంట మోగితే బండి దండలతోనే వీధిన పడుతుంది; పూజ మిగిలినవారు పూర్తి చేస్తారు. దీపావళికి అదీ లేదు. ఊరంతా దీపాలు వెలిగించే రాత్రి వీరికి సెలవు ఉండదు.

గుమాస్తా బల్ల దగ్గరకు వచ్చేవారి ముఖాలు వేరు. మంట ఆరిన రెండు మూడు రోజులకు వారు వస్తారు. ఇల్లు పోయినవాడు, కొట్టు పోయినవాడు, చేతిలో ఏ కాగితమూ లేనివాడు. రేషను కార్డు కాలిపోయింది, అమ్మాయి పదవ తరగతి సర్టిఫికెట్టు కాలిపోయింది. వాటి నకళ్ళు కావాలన్నా, బీమా సొమ్ము కోరాలన్నా ఫలానా రోజున ఫలానా ఇంట మంట వచ్చిన మాట నిజమని అగ్నిమాపక శాఖ ధ్రువపత్రం ఇవ్వాలి. శకటం ఎన్ని గంటలకు బయలుదేరింది, ఎన్నింటికి చేరింది, ఏమేమి కాలింది అన్న వివరాలు ఆ రాత్రి అలసిన చేతులతో రాసిన పుస్తకంలో ఉంటాయి. అక్కడ ఒక అంకె తప్పిపోయినా ఇక్కడ ఆ నిరుపేద మరో పదిసార్లు తిరగాలి. ఆ సంగతి తెలిసిన గుమాస్తా ముందు కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, తరువాతనే పేరు అడుగుతాడు.

వారోత్సవాలకు ఏప్రిల్ 14నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1944లో ఆ రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో నిప్పు అంటుకుంది. దూది బేళ్ళతో పాటు సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు ఆ ఓడలో ఉన్నాయి. మధ్యాహ్నం నుండి అగ్నిమాపక సిబ్బంది నీరు పోస్తూనే ఉన్నారు. సాయంత్రం నాలుగు దాటిన కొద్ది నిమిషాలకు ఓడ పేలిపోయింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ఆ విధినిర్వహణలోనే నేలకొరిగారు. గొట్టం పట్టినవారు, పంపు నడిపినవారు అన్న తేడా ఆ పేలుడు చూడలేదు. "లోపల ఏముంది?" అని కంట్రోలు రూములో నేడు అడిగే ప్రశ్న వెనుక ఆ సాయంత్రం ఉంది.

ప్రతి సంవత్సరం ఆ ఉదయం కేంద్రాలలో అందరూ వరుసగా నిలబడి అమరులకు నివాళులు అర్పిస్తారు. డ్రైవర్లు, ఫైర్‌మెన్, గుమాస్తాలు, మెకానిక్కులు అందరూ తలలు వంచుతారు. ఆవరణలో పక్షుల కూతలు తప్ప మరే చప్పుడూ ఉండదు. కంట్రోలు రూములో కూడా సిబ్బంది లేచి నిలబడతారు. చెవికి తగిలించుకున్న ఫోనును మాత్రం తీయరు.