ఎన్ని మిల్లీలీటర్లు?

యాంజియోగ్రామ్‌కి సంతకం పెట్టే ముందు రోగి కొడుకో అల్లుడో నన్ను పక్కకి పిలుస్తాడు. "సార్, ఖరీదైన డై వాడండి, డబ్బుకి వెనకాడం." ఫోన్లో ఎక్కడో చదివి ఉంటారు. నేను మాత్రం కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ఏదని అడుగుతాను.

గుండె రక్తనాళాలు మామూలు ఎక్స్‌రేలో కనబడవు. అయోడిన్ ఉన్న డై వాటిలో పారుతున్న ఆ కాసిని సెకన్లే తెర మీద నల్లగా తేలతాయి. 1958 అక్టోబరు 30న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ బృహద్ధమనిలోకి డై పంపబోతే, ట్యూబు కొస కుడి కరొనరీ నాళంలోకి జారింది. 30 మిల్లీలీటర్ల దాకా అందులోకే పోయింది. గుండె ఆగింది. సోన్స్ రోగిని దగ్గమన్నాడు. దగ్గాక మళ్ళీ కొట్టుకుంది. మన పరీక్ష అలా పుట్టింది.

నేను పని నేర్చుకున్నప్పటి డైలూ ఆ జాతివే. రక్తం ఆస్మొలాలిటీ, అంటే గాఢత, 290 దగ్గర ఉంటే వాటిది 1500 పైమాటే. నాళంలో పడగానే నాడి నెమ్మదించేది. "దగ్గండి, గట్టిగా దగ్గండి" అని ల్యాబంతా అరిచేవాళ్ళం. రోగికి ఒళ్ళంతా సెగ కమ్మేది.

తప్పు అయోడిన్‌ది కాదు, గాఢతదని పట్టుకున్నవాడు స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టెన్ ఆల్మేన్. ఉప్పు హెచ్చుతగ్గులున్న నీళ్ళలో ఈదినప్పుడు కళ్ళ మంటలో తేడా ఆయనకి తెలుసు. అయోహెక్సాల్ వంటివి ఆ ఆలోచన ఫలితమే. వీటిని 'లో ఆస్మొలార్' అంటాం గానీ, రక్తంతో చూస్తే ఇంకా రెండు మూడు రెట్లు గాఢం. రక్తంతో సరిసమానంగా ఉండేది అయోడిక్సనాల్. ఖరీదైనదీ అదే.

డై వల్ల కిడ్నీకి కలిగే దెబ్బ మీద 2003లో నెఫ్రిక్ అధ్యయనం వచ్చింది. షుగరుతో పాటు కిడ్నీ దెబ్బతిన్న 129 మందిలో, క్రియాటినిన్ బాగా పెరిగినవాళ్ళు అయోహెక్సాల్ వైపు 26 శాతం, అయోడిక్సనాల్ వైపు 3 శాతం. ఆ అంకె చూసి అందరం దానివైపు మొగ్గాం. తర్వాత అయోపమిడాల్‌తో పోల్చి చూస్తే అంత తేడా నిలవలేదు. పైగా అయోడిక్సనాల్ చిక్కన. సీసా చల్లగా ఉంటే సిరంజి నొక్కేసరికి బొటనవేలు నొప్పెడుతుంది. అందుకే 37 డిగ్రీల వార్మర్‌లోంచి తీసి వాడతాం.

ఉద్దానం నుంచి ఒక జీడితోట రైతు వచ్చాడు. నాలుగు అడుగులేస్తే ఛాతీ పట్టేస్తోంది. క్రియాటినిన్ 2.2. "బాబూ, మా వీధిలో డయాలసిస్‌కి తిరగని ఇల్లు లేదు. ఈ మందుతో నా కిడ్నీ కూడా పోద్దా?" ఆ ప్రాంతంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. అలాంటి ఊరివాడికి ఆ ప్రశ్న అడిగే హక్కుంది.

ఆయనకి అయోడిక్సనాలే వాడాను, కాదనను. కానీ కిడ్నీని కాచింది అదేనని నమ్మను. ఎకోలో పంపింగ్ బాగుందని చూసుకుని ముందు రాత్రి నుంచే సెలైన్ పెట్టించాం. ఒళ్ళునొప్పులకి మందుల షాపులో కొని రోజూ మాత్రలు మింగుతున్నాడు. గుచ్చి గుచ్చి అడిగితేగాని చెప్పలేదు, అవి ఆపించాం. ఎడమ జఠరికలోకి కొట్టే షాటు మానేశాం. ఎకో చేతిలో ఉండగా ఆ 30 మిల్లీలీటర్లు దండగ. ఎడమవైపు నాలుగు షాట్లు, కుడివైపు రెండు. మొత్తం 28 మిల్లీలీటర్లు. ముందరి నాళంలో బ్లాకు స్పష్టంగా కనబడింది. అక్కడికక్కడే స్టెంట్ వేసేద్దామని మా జూనియర్ ఉబలాటపడ్డాడు. ఆగమన్నాను.

మూడో రోజు క్రియాటినిన్ 2.3. రెండు వారాలాగి, నాళం లోపలి అల్ట్రాసౌండ్ చూసుకుంటూ, తక్కువ డైతోనే స్టెంట్ వేశాం.

భీమవరం వైపువాళ్ళకి ఇంకో భయం: "నాకు రొయ్యలు పడవండీ, అయోడిన్ డై పడుతుందా?" రొయ్యలతో దద్దుర్లు తెప్పించేది వాటిలోని ప్రొటీను, అయోడిన్ కాదు. నాకు కావలసిన సమాచారం వేరు. ఇదివరకు సీటీకో యాంజియోకో డై ఇస్తే ఏమైనా ఇబ్బంది వచ్చిందా, వస్తే అది ఏ డై? జవాబు దొరకదు. పాత డిశ్చార్జి కాగితంలో స్టెంట్ కంపెనీ, పొడవు, సైజు అన్నీ ఉంటాయి. డై పేరుండదు, ఎంత పడిందో ఉండదు. మా ల్యాబులో ఆ రెండూ, మళ్ళీ క్రియాటినిన్ చూపించుకోవలసిన తేదీ, మొదటి పేజీలోనే రాయిస్తాను.