చేపల తొట్టి నేర్పే పాఠం



ఈ మధ్య మన విశ్వాసుల ఇళ్లలో చాలాచోట్ల గాజు చేపల తొట్టి కనబడుతోంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు నుండి గుంతకల్లు వెళ్లే రైలు మార్గంలోనే ఉన్నాయి. బెంగళూరు వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు పిల్లల కోసం ప్లాస్టిక్ సంచిలో రంగు చేపలు తెస్తున్నారు. వాటిని చూచి పిల్లలు పొంగిపోతారు. కాని రెండు మూడు వారాలు తిరగకముందే ఒక్కొక్క చేపే వెల్లకిలా తేలడం మొదలవుతుంది. నీళ్లు చూస్తే తేటగానే ఉంటాయి. వేళకు మేత వేస్తూనే ఉంటారు. ఎందుకు చనిపోతున్నాయో ఎవరికీ అంతుబట్టదు.

కారణం తెలియనప్పుడు మనిషి ఏదో ఒక కారణం కల్పించుకుంటాడు. “ఇంటికి రావలసిన కీడు చేపకు తగిలింది” అనే మాట విశ్వాసుల నోట కూడా వినబడుతుంది. హిందూపురంలో ఒక ఇంటికి కుటుంబ ప్రార్థనకు వెళ్లినప్పుడు తొమ్మిదేళ్ల పాప ఇంకొక విధంగా అడిగింది. ఆ వారంలో వాళ్ల తొట్టిలో నాలుగు చేపలు చనిపోయాయి.

“అయ్యగారూ, నేను రోజూ ప్రార్థన చేసినాను. నేనేమన్నా తప్పు చేసినానని దేవుడు వినలేదా?”

“దిష్టి తగిలిందిలే, ఊరుకో పాపా” అని వాళ్ల అవ్వ సర్దిచెప్పబోయింది. పాప ఆ మాట పట్టించుకోలేదు.

చేపలు చనిపోవడం చిన్న సంగతే కావచ్చు. కాని దేవుడు తనను శిక్షించాడనే తలంపు పసిమనసులో నాటుకుంటే అది చిన్న సంగతి కాదు. యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపము వలన ఇలా జరిగిందని శిష్యులు అడిగారు. వాని పాపమూ కాదు, వాని తల్లిదండ్రుల పాపమూ కాదని ప్రభువు తేల్చి చెప్పాడు. అందుచేత నేను ఆ పాపతో, “అమ్మా, ఇది నీ తప్పుకు శిక్ష కాదు, దిష్టీ కాదు. ఆ నీళ్లలో ఏముందో చూద్దాం రా” అన్నాను.

ఆ నీళ్లలో ఉన్నది అమ్మోనియా. పల్లెవాళ్లకు ఇది కొత్తదేమీ కాదు. తెల్లవారుజామున పశువుల కొట్టం తలుపు తీస్తే ముక్కుకు ఘాటుగా తగిలేది అదే. మన పట్టు రైతులకు మరీ బాగా తెలుసు. పురుగుల కింద రెట్ట, మిగిలిన మల్బరీ ఆకు పేరుకొని తేమకు మాగితే అదే వాయువు పుడుతుంది. అందుకే హిందూపురం మార్కెట్‌కు మంచి గూళ్లు తేవాలనుకునే రైతు ఆ వ్యర్థాన్ని ఎప్పటికప్పుడు తీసివేసి, గదికి గాలి ఆడనిస్తాడు.

చేప అమ్మోనియాను ఎక్కువగా మొప్పల ద్వారా విడుస్తుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. నీళ్లలో దానికి రంగు లేదు. చేపను చంపేంత ఉన్నా మన ముక్కుకు తెలియకపోవచ్చు. అది మొప్పలను దెబ్బతీస్తుంది. చేప ఊపిరాడక నీటి పైభాగానికి వచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. దానికి ఆకలేస్తోందని మనం అనుకుంటాం, ఇంకాస్త మేత వేస్తాం!

మరి చెరువులో చేపలు ఎలా బ్రతుకుతున్నాయి? అక్కడ నీళ్లు విస్తారం. అంతేకాదు, సృష్టికర్త అక్కడ కంటికి కనబడని పనివాళ్లను పెట్టాడు. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరొక రకం దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. అది చేపకు అంతగా హాని చేయదు, మొక్కకు ఎరువవుతుంది. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ జీవులను వేరుచేసి చూపాడు. మనం చేలో చల్లిన యూరియా పైరుకు అందడంలోనూ ఇలాంటి జీవుల పని ఉంది.

కొత్త తొట్టిలో ఈ పనివాళ్లు ఉండరు. వాళ్లు కుదురుకోవడానికి సుమారు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టర్ స్పాంజిలోను, అడుగున పరచిన రాళ్ల మీదను కాపురముంటారు.

ఇంకొక సంగతి ఉంది. మన ప్రాంతంలో బోరు నీళ్లు చాలాచోట్ల చవుడు నీళ్లు, క్షారగుణం ఎక్కువ. ఆ గుణాన్ని పి.హెచ్. అనే అంకెతో కొలుస్తారు. పి.హెచ్. 7 నుండి 8కి పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పదింతలవుతుంది. వేడి ఎక్కినా ఆ భాగం పెరుగుతుంది, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మన ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా?

ఆ ఇంట జరిగినదంతా ప్రేమతో జరిగిందే. నాన్న ప్రేమతో ఎనిమిది చేపలను ఒకేసారి చిన్న తొట్టిలో వదిలాడు. పాప ప్రేమతో పూటపూటకూ మేత వేసింది. అమ్మ ప్రేమతో ప్రతి శనివారం నీళ్లన్నీ పారబోసి, రాళ్లను, స్పాంజిని కుళాయి కింద తెల్లగా కడిగింది. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కు ఆ పనివాళ్లు వారం వారం చనిపోయారు.

అక్కడ మేము చేసింది ఇది. రెండు రోజులు మేత ఆపాము. చేప రెండు రోజులు తినకపోయినా చావదు. గాలి మోటారు రాత్రింబగళ్లు నడిపాము. రోజూ మూడో వంతు నీళ్లు తీసి, ముందురోజే వెడల్పాటి బకెట్లో పట్టి ఆరుబయట ఉంచిన నీళ్లు పోశాము. అలా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరైతే అక్వేరియం దుకాణంలో క్లోరిన్ విరుగుడు మందు దొరుకుతుంది. స్పాంజిని తొట్టిలోనుండి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండాము. తరువాత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత మేత మాత్రమే. తీసిన నీళ్లను పారబోయక కరివేపాకు చెట్టుకు పోశారు. మన కరువు సీమలో చుక్క నీరైనా వృథా కాకూడదు గదా.

చుక్కల మందుతో అమ్మోనియా పరీక్షించే కిట్ తెప్పించారు. నీళ్లు పసుపుగా ఉంటే మేలు, ఆకుపచ్చకు తిరిగితే ప్రమాదం. పాప రోజూ ఆ రంగును నోటు పుస్తకంలో రాసింది. ఇంకొక చేప చనిపోయింది. మూడు బ్రతికాయి. అయిదవ వారానికి నీళ్లు పసుపుగా నిలిచాయి. ప్రార్థన మానమని నేను పాపకు చెప్పలేదు. దేవుడు నీటిలో పెట్టిన కట్టడను తెలుసుకోవడానికి ఆయనే మనకు బుద్ధినిచ్చాడని, ఆ బుద్ధిని వాడడం కూడా విశ్వాసంలో భాగమేనని చెప్పాను.

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 1వ అధ్యాయము 9వ వచనములో పౌలు భక్తుడు వారి ప్రేమ జ్ఞానముతోను వివేచనతోను కూడినదై వృద్ధి పొందాలని ప్రార్థిస్తున్నాడు. ప్రేమ మాత్రమే చాలునని ఆయన అనుకోలేదు. ఎరుక లేని ప్రేమ ఆకలి కాని చోట మేత వేస్తుంది, కడగకూడనిదాన్ని కడుగుతుంది.

తల్లిదండ్రులారా, మన గృహాలను ఒకసారి పరీక్షించుకుందాం. పైకి అంతా తేటగానే ఉండవచ్చు. భార్యాభర్తల మధ్య నిలిచిపోయిన కోపం, బిడ్డ ఎవరితోనూ చెప్పుకోలేని భయం రంగు లేకుండా పేరుకుంటాయి. బిడ్డ ముభావంగా ఉంటే అడిగిందల్లా కొనిపెడతాం. అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. లేదా ఒక్కరోజు కోపం వచ్చి ఇల్లంతా దిద్దేయాలని, స్నేహాలు, ఆటలు అన్నీ మాన్పిస్తాం. చెడుతోపాటు మేలుచేసేవి కూడా కొట్టుకుపోతాయి. రోజూ కొంచెం మురికి తీయండి, కొంచెం మంచినీరు పోయండి, గాలి ఆడనివ్వండి. బిడ్డ చెప్పేది వినండి. నాలుగు వారాలు పట్టేదానికి నాలుగు రోజుల్లో ఫలం అడగకండి.

ప్రేమించే హృదయమిచ్చిన దేవుడు, ఆ ప్రేమకు కావలసిన ఎరుకను కూడా మనందరి గృహాలకు దయచేయును గాక. ఆమేన్.