చిలుకలో ప్రాణం

టెక్ ఫెస్ట్‌కి సీనియర్లు ఒక ల్యాబ్‌ని ఎస్కేప్ రూమ్‌గా మార్చారు. థీమ్ ఫెయిరీ టేల్స్. 2007లో క్యోటోలో తకావో కాటో, కంప్యూటర్‌లో ఆడే ఎస్కేప్ గేమ్స్ చూసి మొదలుపెట్టిన ఆట ఇది. లోపల పెట్టి తాళం వేస్తారు, క్లూలు పట్టుకుని బయటపడాలి.

టేబుల్ మీద అద్దం, యాపిల్, గాజు చెప్పు, గుమ్మడికాయ, ఏడు బుల్లి టోపీలు. ఒకే కథలోని మూడింటిని ఏరితే వాటి కింది అంకెలే తాళం నంబరు. నాకు అర నిమిషం కూడా పట్టలేదు. ఎల్‌కేజీ నుంచి చూస్తున్న స్నో వైటే కదా! మా టీమ్‌లో అందరికంటే బాగా కోడ్ రాసే పలమనేరు ఫ్రెండ్ మాత్రం గాజు చెప్పు పట్టుకుని నిలబడ్డాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. "ఇదేం కతో తెలిస్తే కదా" అన్నాడు. అక్కడ లాజిక్‌తో పనేముంది? చిన్నప్పుడు ఏ పుస్తకం చదివావన్నదే పాస్‌వర్డ్.

బయటికొచ్చి టీ తాగుతుంటే, "బాలనాగమ్మ కత పెట్టుంటే మీరంతా లోపలే ఉందురు" అన్నాడు. నిజమే. 1942లోనే జెమినీ వాళ్లు సినిమా తీసిన కథ అది. నాకేమో ఏడు సముద్రాల అవతల చిలుక అంటే కామెడీ డైలాగ్. వాళ్లవ్వ చెప్పినట్టే మొత్తం చెప్పాడు. మాయల ఫకీరు చెరలో ఏళ్ల తరబడి ఉన్న బాలనాగమ్మ, వాడితో తీయగా మాట్లాడి ప్రాణం ఎక్కడ దాచాడో రాబడుతుంది. కొడుకు బాలవర్ధిరాజు వెళ్లి ఆ చిలుకను పట్టుకొస్తాడు. మనం సోషల్ ఇంజనీరింగ్ అని చదివేది ఇదే!

వచ్చే ఫెస్ట్‌కి ఆ గది మేం కడుతున్నాం. మరి బీహార్ నుంచి వచ్చిన నా రూమ్మేట్ సంగతేంటంటే, "వాళ్లవ్వ కూడా ఏదో కత చెప్పుంటుంది, అడుగు" అన్నాడు. అడిగాను. వాళ్ల రాక్షసుడి ప్రాణం కూడా చిలుకలోనే ఉందట.